బేసు పెదనాయన హెడ్‌ఫోన్లు

పోయిన వారం మా దుకాణానికి ఒక పిల్ల వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతా వుందంట. భుజాన నల్ల సంచిలో గిటారు. "అక్కా, బేస్ గిటారు ప్రాక్టీస్ చేసుకునేదానికి హెడ్‌ఫోన్స్ వున్నాయా? హాస్టల్లో అందరూ తిడతా వున్నారు" అనింది. మార్కాపురంలో మొబైల్ దుకాణం పెట్టి పదకొండేండ్లయింది. కవర్లు, చార్జర్లు, పగిలిన అద్దాలు, ఇవే మా బతుకు. బేస్ గిటారుకు హెడ్‌ఫోన్లు కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి ఈ పిల్లకు ముందు ఒక్కడే.

ఆ పిల్లకు గడగడా చెప్పేసినా. చెవుల్లో దూర్చేవి వద్దు, చెవి మొత్తం కప్పేవి తీసుకో. బ్లూటూత్ వద్దే వద్దు, వైరుదే కావాల. అన్నిటికన్నా లావు తీగ మీటి, ఆ శబ్దం పూర్తిగా సచ్చిపొయ్యేదాకా విను, మధ్యలో గరగరమంటే పక్కన పడెయ్. "అక్కా, మీరు వాయిస్తారా?" అనింది కళ్లు పెద్దవి చేసి. "నా మొఖం, నాకేమొస్తాది? మా పెదనాయన వాయించేటోడు" అన్నా. సౌండు సగానికి మించి పెట్టొద్దమ్మా అని మాత్రం ఒకటికి మూడుసార్లు చెప్పినా.  ఆ పిల్ల నన్ను వింతగా చూసి, హెడ్‌ఫోన్లు తీసుకోని పోయింది.

పెదనాయనంటే మా నాయనకు తోడబుట్టినోడు కాదు, ఊరి వరస. మా వూరు మార్కాపురం నుంచి పెద్దారవీడు పోయే దారిలో లోపలికి వుంటాది. మా చర్చిలో ఆయన బేస్ గిటారు వాయించేవాడు, నేను పాటలు పాడేదాన్ని. ఊరంతా ఆయన్ను బేసు పెదనాయన అనే పిలిచేది. ఆయనకన్నా వయసులో పెద్దోళ్లు కూడా అట్లనే అంటే, "నేనేంది నీకు పెదనాయన, పండ్లూడిపోయినోడా!" అని నవ్వేటోడు.

పని పలకల ఫ్యాక్టరీలో. పలకరాయి కోసే మిషన్ కాడ ముప్పై ఏండ్లు నిలబడిన మనిషి. కనుబొమ్మల్లో ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము. ఆదివారం పొద్దున తలంటుకోని, తెల్లచొక్కా వేసుకోని వచ్చినా ఆ దుమ్ము మాత్రం ఆడనే వుండేది. వేళ్లు ఒక్కోటి చపాతి కర్రంత లావు. "ఈ వేళ్లకు మామూలు గిటారు తీగలు రెండు ఒకేసారి దొరుకుతాయి అమ్మీ. దేవుడు నన్ను చూసే ఈ లావు తీగల గిటారు చేయించినాడు" అనేవాడు. నేర్పిన గురువు లేడు. ముందు వాయించే ఆయన పని వెతుక్కుంటా హైదరాబాదు పోతే, గిటారు చర్చిలో గోడకు ఆనించి వుంటే, నలభై ఏండ్లు దాటినాక ఈయన తీసుకోని ఒళ్లో పెట్టుకున్నాడు. అంతే.

ఆ గిటారుకు పెద్దమ్మ యూరియా సంచులు కుట్టి ఒక తొడుగు చేసింది. దాన్ని విప్పడం ఒక తంతు. ముడి విప్పి, తాడు మెడలో వేసుకోని, తువ్వాలుతో ఒక్కో తీగా తుడిచి, అప్పుడు గాని మీటడు. క్వయర్లో పిల్లోళ్లు ఎప్పుడన్నా "పెదనాయనా, నీ గిటారు ఎవురికీ వినపడదు, ఎందుకంత కష్టపడతావు?" అని ఎగతాళి చేస్తే ఒకటే మాట. "బేసంటే పునాదిరా. పునాదిని ఎవురు జూస్తారు? ఇల్లు కూలినాక జూస్తారు." ఈ మాట ఆయన నోట కనీసం రెండొందల సార్లు విన్నా. విన్న ప్రతిసారీ నాకు విసుగే వచ్చింది, నిజం చెప్పాలంటే.

ఆయనకు చెవులు పోతా వున్నాయని మాకు తెలిసింది నవ్వులాటలోనే. ఏం మాట్లాడినా తల ఊపి "దేవునికి స్తోత్రం" అనడం మొదలుపెట్టినాడు. బాగున్నావా అంటే దేవునికి స్తోత్రం. అన్నం తిన్నావా అంటే దేవునికి స్తోత్రం. ఒకరోజు చర్చి బయట ఒకాయన ఏడుపు మొహంతో "మా బర్రె సచ్చిపోయింది పెదనాయనా" అంటే, ఈయన చేతులెత్తి "దేవునికి స్తోత్రం" అన్నాడు. మేము పడీ పడీ నవ్వినాం. మేము నవ్వుతా వున్నామని ఆయన కూడా నవ్వినాడు. ఇంటికి పోయినాక పెద్దమ్మను అడిగినాడంట, అందరూ ఎందుకు నవ్వినారే అని. అది విన్నాక నాకు మళ్లా నవ్వు రాలా.

ఒంగోల్లో చెవి డాక్టరు దగ్గరికి పెద్దమ్మతో పాటు నేనూ పోయినా, ఇంగ్లీషు మాట్లాడేదానికి ఒకరు వుండాలని. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసినారు. కాయితం మీద గీత బావి మెట్లు దిగినట్టు దిగిపోయింది. మిషన్ రొద ముప్పై ఏండ్లు తిన్న చెవులు ఇంతేనమ్మా అన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు, వున్నదాన్ని కాపాడుకోవాల, చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగానే వినపడతాయి, పెద్ద శబ్దాల జోలికి మాత్రం పోవద్దు, పోతే ఆ వున్నది కూడా పోతాది అని తెలుగులోనే, నాకు కూడా అర్థమయ్యేటట్టు చెప్పినాడు. వారం తర్వాత మిషన్ కొలతకు రమ్మన్నాడు.

ఆ వారంలోనే మా చర్చి వాళ్లు ఉపవాస ప్రార్థన పెట్టినారు. పెట్టమని ఆయన అడగలా. అడిగింది మా జేజి, మా నాయనకు అమ్మ. మా జేజికి ఎనభై దాటినాయి, షుగరు, మోకాళ్లు వంగవు, స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. "పాటకు పునాది పోతా వుంటే చూస్తా కూచుంటారా?" అని అయ్యగారిని నిలదీసింది. అయ్యగారు కొత్తగా వచ్చిన పాస్టరు, నెమ్మదైన మనిషి, సరే అన్నాడు. మూడు దినాలు. నేను కూడా వున్నా. అబద్ధమెందుకు, రెండోరోజు దుకాణంలో కౌంటర్ కింద కూచోని నాలుగు బిస్కట్లు తిన్నా. జేజి మాత్రం గుక్కెడు నీళ్లు తప్ప ముట్టలా.

మూడోరోజు సాయంత్రం అందరం మోకాళ్ల మీద వుండంగా పెదనాయన లేచి నిలబడినాడు. "నాకు వినపడతా వుంది" అన్నాడు.  తర్వాత చూడాల! ఏడ్చినోళ్లు ఏడ్చినారు, చప్పట్లు కొట్టినోళ్లు కొట్టినారు. ఆయన సాక్ష్యం చెప్పినాడు, మిషన్ అక్కర లేదు, దేవుడు ముట్టినాడు అని. మా జేజి ఆయన రెండు చెవులూ పట్టుకోని ముద్దు పెట్టుకునింది. ఆ సాక్ష్యం ఊర్లు తిరిగింది. గిద్దలూరు సభల్లో చెప్పించినారు, బేస్తవారిపేటలో చెప్పించినారు. ఒంగోలు డాక్టరు చెప్పిన వారం దాటిపోయింది.

ఇదంతా అయిన నెలకు పెదనాయన మా దుకాణానికి వచ్చినాడు. యూరియా సంచి భుజాన వుంది. "అమ్మీ, ప్రాక్టీసుకు హెడ్‌ఫోన్లు కావాల. ఇంట్లో పెద్దగా వాయిస్తే పక్కింటోళ్లకు ఇబ్బంది" అన్నాడు. నేను మురిసిపోయినా. ఈ వయసులో ఇంత శ్రద్ధ అనుకోని స్టూలు వేసినా, టీ చెప్పినా. గిటారుకు తగిలించే, శబ్దం పెంచే అగ్గిపెట్టెంత చిన్న ఆంప్ కూడా తెప్పించి పెట్టినా.

అప్పటినుంచి నాలుగు వారాలు ఇదే పని. ఫ్యాక్టరీకి సెలవు దొరికిన ప్రతి మధ్యాన్నం రావడం, స్టూలు మీద కూచోవడం, సంచి ముడి విప్పడం. ఇయర్‌ఫోన్లు ఇస్తే "చెవిలో చీమ దూరినట్టుంది" అని తీసేసినాడు. బ్లూటూత్ ఇచ్చినా. లావు తీగ మీటి మొహం చిట్లించినాడు. "ఏందమ్మీ ఇది, వేలు ముందు పోతాది, శబ్దం ఎనక వస్తాది. నేను ఆమేన్ అన్నాక ఇది ప్రార్థన మొదలుపెడతా వుంది." దుకాణంలో వున్నోళ్లందరూ నవ్వినారు. ఇంకోటి కప్పేదే గాని లోపల మెత్త పలచన, కింది శబ్దం, అదే బేసు, బయటికి కారిపోయింది. ప్రతిదీ పెట్టుకునే ముందు తువ్వాలుతో తుడిచేటోడు, తీసినాక మళ్లా తుడిచి పెట్టెలో పెట్టేటోడు. కళ్లు మూసుకోని తీగ మీటి, అది ఆగిపోయిందాకా కదిలేవాడు కాదు. ఆగినాక ఒక్కోసారి నన్ను అడిగేవాడు, "పోయిందా, ఇంకా వుందా?" అని. ఆయన చెవుల మీద వున్న శబ్దం నాకెట్ల తెలుస్తాది? నాకు ఆ ప్రశ్న అప్పుడన్నా అర్థం కావాల. కాలా.

ఒంగోలు నుంచి ఒకటి తెప్పించినా, మంచిది, బరువైనది, చెవులు మూసేస్తే పక్కన బాంబు పేలినా తెలియనట్టుంటాది. అది పెట్టుకోని మీటినాడు. "సౌండు లేదు" అన్నాడు. పెంచినా. "ఇంకొంచెం." పెంచినా. "ఇంకొంచెం." ఆఖరి దాకా తిప్పినా. కౌంటర్ ఇవతల నిలబడిన నాకు ఆ దిమ్ము దిమ్ము శబ్దం స్పష్టంగా వినపడతా వుంది. చెవుల మీదనే పెట్టుకున్న ఆయన మాత్రం, "ఆ, ఇప్పుడు కొంచెం తెలుస్తా వుంది. ఇదిచ్చెయ్ అమ్మీ" అన్నాడు, మొహమంతా వెలుగుతో. 

హెడ్‌ఫోన్లు నేనే లాగేసినా. "పెదనాయనా, నీకు వినపడ్డం లేదు" అన్నా గట్టిగా. ఆయన దుకాణం చుట్టూ చూసినాడు. ఎవరూ లేరు. సంచి తాడు వేళ్లకు చుట్టుకుంటా మెల్లగా చెప్పినాడు. "ఆ రోజు కళ్లు తెరిచి చూసినానమ్మీ. మీ జేజి వణకతా వుండింది, పెదాలు తెల్లగా అయిపోయినాయి. అయ్యగారేమో, ఇంకా జవాబు రాకపోతే నాలుగో దినం కూడా వుందాం అంటా వుండినాడు. నేను వినపడ్డం లేదంటే ఆ ముసల్ది వుంటాది. వుంటే సస్తాది. ఏం జేసేది? వినపడతా వుంది అన్నా."

 మా జేజి ఇంట్లో సద్దన్నం తింటా, నన్ను తిడతా బతికే వుంది. ఈయన చెవులు అమ్మి ఆమెను బతికించుకున్నామని ఆమెకేం తెలుసు?

"అయితే ఇప్పుడన్నా మిషన్ పెట్టుకో. ఇంట్లోనే పెట్టుకో, ఎవురు చూస్తారు?" అన్నా. "ఇంట్లో దేవుడు లేడా?" అన్నాడు. "దేవునికి తెలీదా ఏంది, నువ్వు ఎందుకు చెప్పినావో?" అన్నా. "దేవునికి తెలుసు. మనుషులకు ఏం చెప్పేది? నా సాక్ష్యం విని ఎంతమంది ఏడ్చినారు. వాళ్లందరి ముందరికి చెవికి మిషన్ తగిలించుకోని ఎట్ల పొయ్యేది? హెడ్‌ఫోన్లయితే ఎవురూ ఏమీ అనుకోరు, వాయించేటోడు గదా అనుకుంటారు." డాక్టరు మాట గుర్తు చేసినా, ఇంత సౌండు పెడితే వున్నది కూడా పోతాదని అరిచి చెప్పినా. తల ఊపినాడు. "పాట వున్నన్నాళ్లు వుంటాయి లే" అన్నాడు.

ఇయ్యనంటే గిద్దలూరు పోయి ఇంకా నాసిరకంది తెచ్చుకుంటాడు. ఇస్తే నా చేతులతో నేనే ఆయన చెవులు కోసినట్టు. జేజికి చెప్తే అది మళ్లా ఉపవాసం కూచుంటాది, ఈసారి చేసిన పాపానికని. అయ్యగారికి చెప్తే ఆయన గిద్దలూరులో ఏమని చెప్పుకోవాల? అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. ఇచ్చినా. డబ్బాలో పెట్టి, పెద్ద జాక్‌కు సరిపొయ్యే పిన్ను కూడా వేసి, నేనే ఇచ్చినా.

ఆదివారాలు హెడ్‌ఫోన్లు చర్చికి కూడా వచ్చినాయి. వైరును మైకులన్నీ కలిపే మిక్సర్‌కు తగిలించి, ఆఖరి దాకా తిప్పుకోని కళ్లు మూసుకునేటోడు. "పెదనాయన డీజే అయినాడు" అని పిల్లోళ్లు నవ్వేవాళ్లు. నేను పక్కన నిలబడి పాడతా, ఆ హెడ్‌ఫోన్ల లోంచి కారే శబ్దం విని పళ్లు కొరుక్కునేదాన్ని. వారం వారం ఆ శబ్దం పెరిగింది. ఆ ఆఖరి దాకా అన్నది కూడా చాలక, మిక్సర్‌లో ఇంకో బటన్ ఎత్తమని సైగ చేసేటోడు. ఎత్తేది ఎవరనుకున్నారు? నేనే.

ఏడాది తిరిగినాక ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మైకులు పోయినాయి, కీబోర్డు పోయింది, ఫ్యాన్లు ఆగినాయి. మాకిది అలవాటే, చప్పట్లు కొడతా ఉత్త గొంతులతో పాడి పాట పూర్తి చేసినాం. కూచోబోయినాం. పెదనాయన వాయిస్తానే వున్నాడు.

కళ్లు మూసుకోని, తల మెల్లగా ఊపుతా, ఆ లావు వేళ్లు తీగల మీద నడిపిస్తానే వున్నాడు. తీగల టకటక తప్ప ఏమీ లేదు. హెడ్‌ఫోన్లలో ఏమీ వచ్చేదానికి లేదు, మిక్సరే చచ్చిపోయింది. చర్చి మొత్తం ఆయన్నే చూస్తా వుంది. ప్రార్థన మొదలుపెడదామని నోరు తెరిచిన అయ్యగారు నోరు మూసుకున్నాడు. నేను పక్కనే వున్నా. పోయి భుజం తట్టొచ్చు గదా? తడితే కళ్లు తెరిచి చూస్తాడు, మేమందరం చూస్తా వుండేది చూస్తాడు. నాకు ధైర్యం చాలలా.

అప్పుడు మా జేజి లేచింది. మోకాళ్లు వంగని మనిషి బల్ల పట్టుకోని లేచి, ఆయన వేళ్ల వైపే చూస్తా, ఆఖరి చరణం మళ్లా ఎత్తుకునింది. ఆయన వేలు పడిన కాడ ఆమె మాట పడేట్టు. ఒక్కరొక్కరే అందరూ అందుకున్నారు. ఆయన వేళ్లు ఆగినప్పుడు పాట ఆగింది. ఆయన కళ్లు తెరిచేలోపల జేజి రెండు చేతులూ పైకెత్తింది, అందరం ఎత్తినాం. ఆయన కూడా ఎత్తినాడు. ఎత్తినోడు అట్లనే పైన ఆగిపోయిన ఫ్యాను చూసినాడు. ఇంటికి వచ్చినాక జేజి ఒక్క మాటే అనింది. "ఆయన్ను ఎవురూ ఏమీ అడగొద్దండి." నేను చెప్పకుండానే ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలా.

మంగళవారం పొద్దున్నే పెదనాయన దుకాణానికి వచ్చినాడు. సంచి లేదు, గిటారు లేదు. స్టూలు వేస్తే కూచోలా. "అమ్మీ, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆదివారం నేను వాయిస్తా వున్నప్పుడు కరెంటు వుండిందా?" అన్నాడు. నా పెదాల మీదనే చూపు పెట్టి నిలబడినాడు. ఆ మొహం చూసి నిజం చెప్పగలిగిన మనిషి ఎవరన్నా వుంటే వాళ్లకు నా దండం.

"వుండింది పెదనాయనా. నువ్వు ఆపినాకనే పోయింది" అన్నా.

"ఆపినాకనా?"

"ఆపినాకనే."

గట్టిగా ఊపిరి వదిలినాడు. "నేను ఏందేందో అనుకుంటి" అని నవ్వినాడు. నా తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను దీవించును గాక అని పోయినాడు. ఆ రోజంతా నేను ఏదో మంచిపని చేసినట్టు తిరిగినా. ఒక మనిషి మర్యాద కాపాడినా అనుకున్నా.

ఆ తర్వాత రెండేండ్లు వాయించినాడు. చివరి ఏడాది ఇంక ఏమీ వినపడలేదు, పెద్దమ్మ పిలిచినా, లారీ హారన్ కొట్టినా. జేజి చేతుల వైపు చూస్తా తాళం పట్టుకునేటోడు. హెడ్‌ఫోన్లు మాత్రం తియ్యలేదు. పోయిన ఎండాకాలం నిద్రలోనే పోయినాడు. సమాధి కాడ పాటలు పాడినాం, కింది శబ్దం లేకుండా.

మూడు దినాలయినాక పెద్దమ్మను చూసేదానికి పోయినా. ఆయన చొక్కాలు మడత పెడతా వుండింది.  తలెత్తకుండానే అడిగింది.

"అమ్మీ, ఆ మంగళవారం దుకాణంలో ఆయనకు ఏం చెప్పినావు?"

నేను గోడకు ఆనుకున్నా.

"ఆ రోజు ఒంగోలు పోదామని ఇద్దరం బయల్దేరినాం. మిషన్ పెట్టుకుంటా, ఆదివారం లేచి నిలబడి అందరికీ నిజం చెప్పేస్తా, ఎవురేమనుకున్నా సరే అన్నాడు. ముందు ఆ అమ్మిని ఒక్క మాట అడిగొస్తా, అది నాకు అబద్ధం చెప్పదు అన్నాడు. నేను బస్టాండులో బస్సెక్కి, పక్కసీట్లో తువ్వాలేసి కూచున్నా. బస్సు కదలబోతా వుంటే వచ్చి కిటికీ కాడ నిలబడి, దిగు అన్నాడు. ఏందయ్యా అంటే, కరెంటు వుండిందంట లేవే, నాకు వినపడతానే వుందంట, దిగు, ఇంటికి పోదాం అన్నాడు."